మిషను చదువు

"ఏటిదంతా మావయ్యా?"

దయాకర్ బాబు భుజాన సంచి దింపలేదు. చెప్పులు విప్పలేదు. గేటు దగ్గరే నిలబడిపోయి పైకి చూస్తున్నాడు.

పైన షామియానా. దాని ముందు రెండు సరుగుడు కర్రలకు కట్టిన ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద అతని భార్య ప్రేమజ్యోతి బొమ్మ, చుట్టూ గులాబీలు, కింద ఎర్రటి అక్షరాలు.

‘మా కుమార్తె ప్రేమజ్యోతికి దేవుడు దయచేసిన ప్రోగ్రెస్ నిమిత్తం కృతజ్ఞతా కూడిక. 2-8-2008 శనివారం పగలు 11 గంటలకు. అనంతరం ప్రేమవిందు. ఇట్లు, దావీదు, పెదబొడ్డేపల్లి.’

"సదవడం రాదేటి? రాసుంది కదా," అన్నాడు దావీదు.

నాలుగు రోజులు విశాఖపట్నంలో కూర్చుని, ఫోను చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసిన అల్లుడికి అంతకన్నా మర్యాద అక్కర్లేదని ఆయన ఉద్దేశం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, వచ్చేవాళ్ళ కోసం కుర్చీలు సర్దుతున్నాడు.

"ప్రోగ్రెస్ అని మీకెవరు సెప్పారు?"

"ఒకరు సెప్పాలేటి? రిపోర్టులోనే ఉంది. టీవీ మీద కవరెట్టి ఎల్లిపోనావు. నానే ఇప్పి సదివేను."

దావీదు మాకవరపాలెం మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు. అన్ని మాటలూ తెలియకపోయినా ఒక్క మాట మాత్రం సొంత పేరంత బాగా తెలుసు. కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద పదేళ్ళ పాటు సంతకాలు పెట్టాడు. బుధవారం నాడు ఆ రిపోర్టు చివరి వరుసలో అదే మాట కనిపించింది. దాని తోకకు ఇంకో మూడు అక్షరాలున్నాయి. అంటే మరికాస్త ఎక్కువ ప్రోగ్రెస్ అనుకున్నాడు.

అనుకుని ఊరుకునే మనిషి కాదు. తిన్నగా పాస్టరుగారింటికి వెళ్ళి చెప్పాడు. అబీద్ సెంటర్లో ఫ్లెక్సీ కొట్టించాడు. రెండు మేకపోతులు చెప్పాడు.

దయాకర్ మామగారి మోచేయి పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళాడు. అటు పక్క మైకుసెట్టు కొండబాబు ‘హలో, హలో, ఒన్, టూ’ అంటున్నాడు.

"మావయ్యా, ఆ మాట ప్రోగ్రెషను."

"అదే కదా."

"అదే కాదు. ప్రోగ్రెస్ మన పిల్లకి కాదు. బుర్రలో గడ్డకి. గడ్డ పెరిగిందని దానర్థం."

కొండబాబు ‘త్రీ’ అన్నాడు.

దావీదు చేతిలో ఉన్న కుర్చీని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. చివరికి అక్కడే, బురదలో పెట్టాడు.

"పెరిగిందంటే?"

"మార్చిలో ఆపరేషన్ సేసి తీసేరు కదా. ఆరు వారాలు రేడియేషను కరెంటు పెట్టేరు. ఆ తీసేసిన సోటే, సుట్టూరా, మళ్ళీ తెల్లగా కనబడతంది. మునపటికన్నా పెద్దది. వచ్చే గురువారం మళ్ళీ తెరవాలన్నారు సర్జన్ గారు. ఈసారి మాట పుట్టే సోటు దాకా ఎల్లాలంట. పానానికి పరవాలేదు గానీ మాట పోవచ్చన్నారు. పాట సంగతి నానడిగితే, అడక్కండి అన్నారు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"ఎలా సెప్పను? మీరు ఒచ్చి ఒక పక్కన కూకుంటే కదా. నన్ను సూస్తే తలకాయ తిప్పుకుంటారు."

"రిపోర్టు టీవీ మీద ఒదిలీసి ఎవుడెల్లమన్నాడు నిన్ను?"

"అంటించిన కవరు ఇప్పమని మిమ్మల్నెవరన్నారు?"

దావీదు దగ్గర జవాబు లేకపోతే కోపం ఉంటుంది. ఆయన క్షమించనివాళ్ళు చాలామంది ఉన్నారు. భార్యకు గుండెనొప్పి వస్తే గ్యాసని చెప్పి బిళ్ళ ఇచ్చి పంపిన డాక్టరు అందులో మొదటివాడు. ఆవిడ పోయి నాలుగేళ్ళయినా ఆ డాక్టరు వీధిలో ఈయన నడవడు. దినానికి ఆలస్యంగా వచ్చిన బావమరిది రెండోవాడు. ఇప్పుడు అల్లుణ్ణి ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాడు. ఆలోచిస్తే, ఈ రోజు అందరికన్నా ముందు నిలబడవలసినవాడు తనే అని తేలింది. అది ఇంకా మండింది.

"కూడిక ఆపీమను," అన్నాడు. "మైకులో సెప్పీమను. ఎవుళింటికాళ్ళు ఎల్లిపోమను."

"ఆపుతావేటి?"

పొయ్యి దగ్గర్నుంచి దేవుడమ్మ వచ్చింది. దావీదుకు అక్క. చేతిలో పెద్ద గరిటె, నుదుటన చెమట. ఎంతసేపట్నించి వింటోందో తెలియదు.

"రెండు మేకపోతులు కోసీనాం. ముక్కలు ఉడుకుతున్నాయి. వాటికి మళ్ళీ తలకాయలు అతికించి మందకి తోలెస్తావేటిరా?"

"అక్కా, నువ్వు నోరుమూయి."

"నువ్వు ఇంగిలీషు సదివి ఊరంతటికీ బోజనాలు పెడుతుంటే నాను నోరుమూయాలా? మాకవరపాలెం నుంచి నాలుగాటోలు ఒస్తన్నాయి. ఆళ్ళకేటి సెప్తావు? స్పెల్లింగు తప్పింది, ఎల్లిపోండి అంటావా?"

దయాకర్‌కు నవ్వొచ్చింది. ఈ నాలుగు రోజుల్లో మొదటిసారి. మామగారు చూస్తాడని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు వంగాడు.

పాస్టరు ప్రభుకుమార్ గారు మోటారు సైకిలు ఆపి అప్పుడే లోపలికొచ్చారు. విషయం విన్నారు. పెద్దమనిషి పాపం, బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"దావీదుగారూ, నిన్న శుక్రవారం కూడికలో సంఘమంతటి ఎదుటా నేను ప్రకటించానండీ. మీ మాట మీద. ఇప్పుడు దేని నిమిత్తం స్తోత్రం చెల్లించాలి?"

"నన్నడుగుతారేటండి అయ్యగారూ? మీరు పెద్ద సదువు సదివేరు కదా, ఆ రిపోర్టు ఒకసారి సూపించమని నన్నడగొద్దా?"

పాస్టరుగారి పేరు కూడా ఆ క్షణాన పట్టీకెక్కింది.

"ముందు ఆ జ్యోతి గుంటకి ఎవరు సెప్తారో సూడండి," అంది దేవుడమ్మ. ఆ మాటతో ముగ్గురు మగవాళ్ళూ నేల చూపులు చూశారు.

దావీదే వెళ్ళాడు.

ప్రేమజ్యోతి లోపలి గదిలో అద్దం ముందు ఉంది. నీలం చీర కట్టుకుంది. కరెంటు పెట్టించుకున్న వైపు జుట్టు ఇంకా సరిగ్గా రాలేదు. రెండో వైపు బెత్తెడు పెరిగింది. ఆ ఉన్నదాన్ని లేని వైపుకు దువ్వి పిన్ను పెట్టాలని చూస్తోంది. లోగొంతుకతో పాట పాడుకుంటోంది. నిరుడు తనే కట్టిన పాట. ఇప్పుడు సంఘంలో అందరికీ వచ్చు.

"జ్యోతీ."

"పిన్ను పట్టుకో నాన్నా."

పట్టుకున్నాడు.

"ఆ రిపోర్టు..."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"గడ్డ పెరిగిందని రాసినారు. నీకన్నా ముందే సదివేను. బుధవారం పొద్దున్న. మళ్ళీ అన్నం మెతుకులెట్టి కవరంటించేసేను."

దావీదు చేతిలోంచి పిన్ను జారింది. వంగి వెతికాడు. దొరికినా లేవలేదు.

"మరి నాను ఫ్లెక్సీ కొట్టిస్తంటే సూస్తా ఊరుకున్నావా?"

"ఊరుకోక? నువ్వు ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి ఒచ్చినావు. నవ్వుతా ఒచ్చినావు నాన్నా. నీ పళ్ళు ఎలాగుంటాయో మర్చిపోయేను నాను. సాయంత్రం జిలేబీ తెచ్చినావు. పక్కింటోళ్ళకి నీ సేత్తో నువ్వే పంచినావు. పక్కింటాయనతో నీకు మాటల్లేవు కదా?"

"ఆడి సంగతి ఒదిలీ."

"నాను టీచర్ని. తప్పు సదివినోళ్ళని దిద్దడం నా పని. ఈ ఒక్కటీ దిద్దబుద్ధెయ్యలేదు."

బయట ఆటో ఆగిన చప్పుడు. దేవుడమ్మ ఎవర్నో గట్టిగా పలకరిస్తోంది.

"పాస్టరుగారు దేని కోసం స్తోత్రం సెప్పాలని అడుగుతున్నారు," అన్నాడు దావీదు, పిన్ను అందిస్తూ.

"ఆపరేషనయ్యాక అయిదు నెలలు బతికేను కదా. మాటాడతన్నాను, పాడతన్నాను. దానికి సెప్పమను. మిగతాది మైకు దగ్గర నాను సెప్తాను. గడ్డ మళ్ళీ కనబడిందనే సెప్తాను. అబద్ధం ఆడను."

"ఆ ఫ్లెక్సీ పీకించేస్తాను."

"పీకొద్దు. బొమ్మ బాగొచ్చింది. జుట్టున్నప్పటిది."

*

పదకొండు కొట్టేసరికి షామియానా నిండింది. కూడిక మొదలు పెట్టబోతుండగా ఇంకో ఆటో వచ్చి ఆగింది. అందులోంచి సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి దిగింది. భుజాన నల్ల సంచి. నిద్రలేని కళ్ళు.

దయాకర్ పరుగెత్తుకెళ్ళాడు. "సత్యశ్రీ గారూ! మీరేటి ఇలాగొచ్చేరు?"

"మీ ఫోను పలకట్లేదండి. ఉదయం ఫస్టు బస్సెక్కేశాను."

అప్పుడు తెలిసింది దావీదుకు, అల్లుడు ఆ నాలుగు రోజులూ ఎక్కడున్నాడో. స్కానింగులు చదివే పెద్ద డాక్టరుగారు, సర్జన్ గారితో పాటే ఆ బొమ్మలు చూశారు. ఇది పెరగడమే కావచ్చు, కరెంటు దెబ్బకు ఆ చోటు వాచి ఉండనూవచ్చు, బొమ్మలో రెండూ ఒకేలా కనబడతాయి అన్నారట. తన కింద పరిశోధన చేసే ఈ అమ్మాయి దగ్గరకు పంపారట. కోటవురట్ల రైతుల పిల్ల. ఈ రెండిటికీ తేడా కనిపెట్టేలా కంప్యూటరుకు నేర్పుతోంది.

వాపైతే కోయనక్కర్లేదు. మందులతో, ఓపికతో దానంతటదే తగ్గుతుంది. పెరిగితే కోయాలి, అదీ త్వరగా. నాలుగు రోజులూ అల్లుడు ఆ ఒక్క మాట కోసం కూర్చున్నాడు.

"నాకు సెప్పొచ్చు కదా," అన్నాడు దావీదు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

"తేలకుండా ఏటి సెప్తాను మావయ్యా?"

సత్యశ్రీ నీళ్ళు తాగింది. "ఇంకా తేలలేదండి. కరెంటుకు ముందు తీసిన స్కాను, ఇప్పటి స్కాను ఇచ్చారు మీరు. మధ్యలోది లేదు. కరెంటు అయిపోయిన నెలకు తీసినది. అది లేకపోతే ప్రోగ్రాం చెప్పలేదు. ఒక్కసారి చూసి కాదు, ఎలా మారుతూ వచ్చిందో చూసి చెబుతుంది. ఆ సీడీ ఇంట్లో ఉంటుందని వచ్చాను."

"బీరువాలో ఉంటాది," అంది ప్రేమజ్యోతి.

బీరువాలో లేదు. బట్టల కింద లేదు. మందుల డబ్బాలో లేదు. పాస్టరుగారు మొదటి ప్రార్థన పొడిగించారు. లోపల నలుగురూ ఇల్లు తిరగేశారు. దయాకర్ పరుపు ఎత్తి చూశాడు. దావీదు భార్య ట్రంకుపెట్టె తెరిచి, వెంటనే మూసేశాడు.

"ఏ సీడీ?" అంటూ దేవుడమ్మ వచ్చింది. "ప్రేమజ్యోతి అని రాసున్నాది? అది కొండబాబుకి ఇచ్చీసేను కదా. మనమ్మాయి పాటలేమోనని."

నలుగురూ ఆవిడ వంక చూశారు.

"పొద్దున్న ఆడు పాటల సీడీలుంటే ఇమ్మన్నాడు. దాని పేరు సూసి ఇచ్చేను. తప్పేటి?"

దయాకర్ ఒక్క అంగలో మైకుసెట్టు దగ్గరున్నాడు. కొండబాబు ఆ సీడీని టీగ్లాసు కింద పెట్టుకుని ఉన్నాడు.

"ఇది పాడదు బాబూ," అన్నాడు కొండబాబు. "మూడుసార్లెట్టేను. ఒక్క పాటా రాలేదు. మీయావిడ గొంతు బాగుంటాది గానీ రికార్డింగు సెత్త."

ప్రేమజ్యోతి పగలబడి నవ్వింది. ఆ నవ్వు షామియానా దాకా వినబడి పాస్టరుగారు ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచారు. టీ మరక తుడిచి, చీర కొంగుతో మెరిపించి, తనే సీడీ తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

*

విస్తళ్ళు వేసిన బల్ల చివర ల్యాప్‌టాప్ పెట్టారు. అది పని చేయడానికి ముప్పావుగంట పడుతుందంది సత్యశ్రీ. కూడికలో పాస్టరుగారి ప్రసంగానికీ అంతే పడుతుంది.

దావీదు ప్రసంగానికి వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాడు.

"ఏటమ్మా, దీన్నేటంటారు?"

"మెషిన్ లెర్నింగ్ అంటారు తాతగారూ. మిషనుకు చదువు చెప్పడం."

"మిషను సదువా?" దావీదు నిటారుగా కూర్చున్నాడు. "నాదీ మిషను సదువే. కెనడా దొరలు పెట్టిన బడి. నువ్వే మిషనులో సదివినావు?"

సత్యశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వెనక వడ్డనకు గిన్నె మోసుకెళుతున్న దేవుడమ్మ నిలబడిపోయింది.

"ఒరే, మిషనంటే యంత్రంరా. మీ తెల్లదొరసాని కాదు. పొద్దున్నుంచి ఇది రెండోది. ఈ ఇంట్లో ఇంక ఇంగిలీషు మాట వినబడితే నాను పొయ్యి ఆర్పేస్తాను."

దావీదు చెవులు ఎర్రబడ్డాయి. కాని లేవలేదు. తెలుసుకోవలసింది ఉంది.

"యంత్రానికి ఎలా సెప్తారు సదువు?"

"ఏమీ చెప్పమండి. చూపిస్తాం. డెబ్భై ముగ్గురి స్కానులు ఇచ్చాం. ఇది వాపు, ఇది పెరుగుదల అని మాత్రం చెప్పాం. ఎందుకో చెప్పలేదు. అదే చూసి చూసి తేడా పట్టుకుంది."

దావీదు తలాడించాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఏరే సెక్షనుకు మేస్త్రిగా చేశాడు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు ఇది పురుగుది, ఇది వట్టి సెగ తగిలినది అని ఆయనా ఎప్పుడూ వివరించలేదు. రెండు కుప్పలు ముందు పోసి కూర్చోబెట్టేవాడు. మూడు నెలలకు వాళ్ళ వేళ్ళకే తెలిసేది. ఎలా తెలిసిందంటే వాళ్ళూ చెప్పలేరు.

"సరే. ఆ డెబ్భై ముగ్గురిలో ఎవరిది వాపో, ఎవరిది కాదో నీకెవరు సెప్పారు? కుప్ప పోసినోడే తప్పు పోస్తే ఏరినోళ్ళందరూ తప్పే ఏరుతారు."

సత్యశ్రీ కీబోర్డు మీంచి చేతులు తీసింది. "మా సారు మొదటి రోజు అడిగిన ప్రశ్న ఇది."

"జవాబు సెప్పు."

"కొందరికి మళ్ళీ తెరిచి, ముక్క తీసి పరీక్ష చేశారు. కొందరిని కోయకుండా ఆర్నెల్లు చూశారు. తగ్గినవాళ్ళది వాపు. ఖాయంగా తెలిసినవాళ్ళనే తీసుకున్నాం."

"మరి తెలీనోళ్ళ మీద పరీక్ష పెట్టేరా?"

"ఇంకో ఇరవైమందిని దానికి చూపించకుండా పక్కన దాచాం. తర్వాత అడిగాం. పదిహేడుమందిని సరిగ్గా చెప్పింది. ముగ్గురి విషయంలో తప్పింది."

"ముగ్గురు," అన్నాడు వెనకనుంచి దయాకర్. ఎప్పుడు వచ్చాడో. అతనిది టీవీ రిపేరు షాపు. యంత్రాలతో రోజూ పోట్లాడే మనిషి. "మన పిల్ల ఆ ముగ్గురిలో ఉంటే, మావయ్యా?"

తెర మీద చిన్న గీత మెల్లగా నిండుతోంది.

"ఇది తప్పులు కూడా సెప్పుకుంటంది," అన్నాడు దావీదు చివరికి. "మీ అత్తకి గ్యాసని సెప్పినోడు, తప్పొచ్చునేమో అని ఒక్క ముక్క అనలేదు. అనుంటే ఆ రోజే విశాఖ తీసుకెల్లిపోదును."

దయాకర్ మామగారి కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. ఆయన విదిలించుకోలేదు.

గీత నిండింది. సత్యశ్రీ ముందుకు వంగింది. ఒకసారి చూసింది. ఏదో నొక్కి మళ్ళీ చూసింది. గోరు కొరుక్కుంది.

"ఏటమ్మా?"

"వాపు," అంది. "నూటికి ఎనభై ఆరు పాళ్ళు వాపు అంటోంది."

దయాకర్ కిందనే, విస్తరాకుల మధ్య కూలబడ్డాడు. దేవుడమ్మ ‘ఓలమ్మో’ అని అరిచింది. గరిటె వదిలేసి ఆ అమ్మాయి బుగ్గలు రెండూ మసాలా చేతుల్తో పట్టుకుని ముద్దుపెట్టింది. అరుపు విని అందరూ ఇటు తిరిగారు. పాస్టరుగారు ప్రసంగం ఆపి, సంగతేమిటో తెలియకుండానే, ‘దేవునికి స్తోత్రం’ అన్నారు. ఈసారి ఆయన చెప్పింది సమయానికి వచ్చింది.

"ఆగండి, ఆగండి," అంటోంది సత్యశ్రీ, పసుపంటిన బుగ్గలతో. "ఇది డాక్టరుగారి రిపోర్టు కాదు. నేను చదువుకుంటున్న దాన్ని. సోమవారం మా సారు సర్జన్ గారికి చూపించి మాట్లాడతారు. ఆయన ఒప్పుకుంటేనే ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ స్కాను తీయించాలి. పొరపాటైతే ఈ ఎనిమిది వారాలూ గడ్డకు ఇచ్చినట్టే."

"నా బుర్ర. నాను సెప్తాను," అంది ప్రేమజ్యోతి. ఎప్పుడు వచ్చిందో బల్లకు అటుపక్క నిలబడి ఉంది. "ఎనిమిది వారాలు ఆగుతాను. మళ్ళీ స్కాను తీయించుకుంటాను. అప్పటికీ పెరిగితే నానే ఎల్లి బల్ల మీద పడుకుంటాను. సర్జన్ గారిని అడుగుదాం. ఏటంటారు?"

చివరి ప్రశ్న మొగుణ్ణి. అతను కింద కూర్చునే ఉన్నాడు. భార్య మొహం చూశాడు. వద్దనడానికి నోరు తెరిచి, మూసి, తల ఊపాడు.

"లేవండి మరి. వడ్డనకి మనుషులు సాల్లేదు."

*

ప్రేమజ్యోతి మైకు దగ్గర ముందు సాక్ష్యం చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. గడ్డ సంగతి, వాపు సంగతి, నాన్న ఇంగ్లీషు సంగతి, దాపరికం లేకుండా చెప్పేసింది. ఇంగ్లీషు సంగతి దగ్గర షామియానా ఊగిపోయేట్టు నవ్వారు. దావీదు మొహం గంటు పెట్టుకుని కూర్చోవాలనుకున్నాడు. మాకవరపాలెం మేనమామ వచ్చి, ‘ఒరే, నా రిపోర్టు కూడా సదివిపెట్టరా, బాగున్నట్టు సెప్తావు’ అంటే మాత్రం తట్టుకోలేకపోయాడు. ఆయన నవ్వుకు కొండబాబు కూడా అటు తిరిగి చూశాడు.

తర్వాత పాట అందుకుంది.

దయాకర్ పులుసు బకెట్టు పట్టుకుని వరుసలో ఉన్నాడు. జేబులో ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు.

"మావయ్యా, కాస్త ఎత్తండి."

దావీదు ఫోను తీసి ట్యాంకు దగ్గరికి నడిచాడు.

సర్జన్ గారే. గురువారం కాదు, సోమవారం ఉదయమే థియేటరు ఖాళీ అయిందట. రేపు సాయంత్రానికి చేరిపోవాలి. వస్తున్నారా లేదా ఇప్పుడే చెప్పాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు.

"అయ్యా, నాను పిల్ల తండ్రినండి. ఆగుదామనుకుంటున్నామండి. కంప్యూటరు వాపని సెప్పిందండి."

"ఆ అమ్మాయి పని నాకు తెలుసు. మంచి పనే. కాని అది ఇంకా నేర్చుకుంటోంది. బొమ్మల సంగతి సోమవారం థియేటరుకు ముందు మాట్లాడుకుంటాం. మనిషి ఎలా ఉంది? అది చెప్పండి నాకు."

అడిగిన తీరు బాగుంది. కసురు లేదు. దావీదుకు ఉత్సాహం వచ్చింది.

"నాను సెప్పడమెందుకండి? మీరే ఇనండి."

ఫోను పైకెత్తి షామియానా వైపు చాచి పట్టుకున్నాడు. మైకులోంచి కూతురి గొంతు తేటగా వస్తోంది. రెండు చరణాలు దాటి మూడోది ఎత్తుకుంది.

‘ఏరు దాటించావు తండ్రీ, తడవలేదు నా...’

షామియానా అంతా ఒక్కసారిగా ‘పాదం!’ అంది. చప్పట్లు మోగాయి. పిల్లలు బెంచీలెక్కారు. తరవాతి వరుస అందరూ కలిసి అందుకున్నారు. దేవుడమ్మ గరిటెతో తాళం వేస్తోంది. ఇంత కళగా ఆ ఇంట్లో ఎన్నాళ్ళయిందో. దావీదు చెయ్యి నొప్పెడుతున్నా దించలేదు. పాట పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇన్నారా అయ్యా?"

"విన్నాను. చాలా బాగా పాడుతుంది." అన్నారాయన. "ఆ పాట ఆమెకు బాగా వచ్చా?"

"అదేటండి, పాట కట్టిందే అది."

"అయితే మూడో చరణంలో చివరి మాట ఆమె అనలేదు. మిగతావాళ్ళు అందించారు. అలా ఆగడం ఎన్నాళ్ళ నుంచి?"

దావీదు షామియానా వైపు తిరిగాడు. ప్రేమజ్యోతి మైకు పక్కన నిలబడి ఉంది. అందరూ చుట్టూ మూగి చేతులు కలుపుతున్నారు. ఆమె నవ్వుతూనే, పెదవులు మెల్లగా కదుపుతూ, ఏదో మాట తనలో తాను అనుకుని చూసుకుంటోంది.

"చెప్పండి," అన్నారు సర్జన్ గారు. "రేపు వస్తున్నారా?"